తిరుపతి నుంచి జర్మనీ బ్లూ కార్డ్ దాకా: ఏ పని ముందు, ఏది తర్వాత

ముందు ఇంట్లో బీరువా తెరవండి. పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు మూడూ తీసి మంచం మీద పక్కపక్కన పెట్టండి. మీ పేరు మూడింట్లోనూ అక్షరం తేడా లేకుండా ఉందా? పట్టా అసలైనదేనా, ఇంకా ప్రొవిజనల్ దగ్గరే ఆగిపోయారా? పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి నిండి ఉందా, ఖాళీగా ఉందా? జర్మనీలో ఉద్యోగం వెతకడం ఈ మూడు ప్రశ్నల తర్వాతి పని.

నేను స్టుట్‌గార్ట్ దగ్గర ఒక యంత్రాల కంపెనీలో నాలుగేళ్లు డిజైన్ ఇంజినీర్‌గా పనిచేసి, అమ్మ ఆరోగ్యం కోసం తిరుపతికి తిరిగొచ్చాను. చుట్టుపక్కల పిల్లలు "అక్కా, ఆఫర్ వచ్చేసింది, ఇంక వీసా ఒక్కటే కదా" అంటూ వస్తుంటారు. ఆ "ఒక్కటే" వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. నేను చూసినంతవరకు ఆలస్యాల్లో ఎక్కువ భాగం జర్మనీలో జరగదు. ఇక్కడే, మన కాగితాల దగ్గరే జరుగుతుంది. నా సంగతే చెబుతాను. కాంట్రాక్టు చేతికొచ్చిన రోజు నా దగ్గర ఓడీ, అంటే యూనివర్సిటీ ఇచ్చే అసలు డిగ్రీ పట్టా, లేదు. బీటెక్ అయిపోయాక పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మార్కులన్నీ కలిపిన మెమో) తెచ్చుకుని, ఇక్కడి ఉద్యోగానికి అవే సరిపోవడంతో యూనివర్సిటీ వైపు మళ్లీ వెళ్లలేదు. దరఖాస్తు పెట్టి, తిరిగి, అసలు పట్టా తెచ్చుకునేసరికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ కంపెనీ ఆగింది కాబట్టి సరిపోయింది. ఆగకపోతే నా కథ వేరేలా ఉండేది. అందుకే మీరు ఈ వరుసలో వెళ్లండి.

పేరుతో మొదలుపెట్టండి. జర్మనీ కాగితాల్లో ఇంటిపేరు, సొంత పేరు రెండు వేర్వేరు గడులు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత ఒకే వరుసలో ఉంటాయి. కాలేజీలో ఇంటిపేరు ఒక్క అక్షరమై పోతుంది. నగరి, పుత్తూరు, కుప్పం వైపు తమిళ పద్ధతిలో ఇంటిపేరే వాడని కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. ఇలాంటి పాస్‌పోర్టుల్లో పేరంతా సొంత పేరు గడిలో పడి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలా వెళ్తే అక్కడ బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు, నివాస కార్డు ప్రతిచోటా వివరణ ఇచ్చుకోవాలి. పాస్‌పోర్టును పదో తరగతి మెమోతో సరిపోల్చి, ఇంటిపేరు పూర్తిగా విడదీసి రీఇష్యూ చేయించుకోవడమే మంచి దారి. తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. 36 పేజీల పాస్‌పోర్టుకు మామూలు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే 3,500. ఉద్యోగం వెతుకుతున్న రోజుల్లోనే ఇది చేసేయండి. వీసా దరఖాస్తు మధ్యలో పాస్‌పోర్టు మార్చడం కంటే పెద్ద తలనొప్పి లేదు.

జిల్లా పేరు గురించి చాలామంది అడుగుతారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయింది కాబట్టి పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా, కొత్త వాటిలో తిరుపతి జిల్లా అని ఉంటుంది. ఇది పేరు తేడా లాంటిది కాదు, దీనికి కంగారు పడకండి. ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో చెప్పండి చాలు.

అసలు బ్లూ కార్డ్ అంటే ఏమిటో ఇప్పుడు చెబుతాను. యూరప్ బయటి నుంచి వచ్చే ఉన్నత చదువు చదివిన ఉద్యోగులకు యూరోపియన్ యూనియన్ దేశాలు ఇచ్చే పని అనుమతి, నివాస అనుమతి రెండూ కలిసిన కార్డు ఇది. 2009లో వచ్చిన నియమాలను 2021లో మార్చి సులభం చేశారు. జర్మనీ ఆ మార్పులను 2023 నవంబరు నుంచి అమలు చేస్తోంది. డెన్మార్క్, ఐర్లాండ్ తప్ప మిగతా 25 సభ్య దేశాలూ ఇందులో ఉన్నాయి. దేశాన్ని బట్టి జీతం లెక్క మారుతుంది. నాకు తెలిసింది జర్మనీ కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

కార్డు రావాలంటే మూడు ఉండాలి: జర్మనీ గుర్తించే డిగ్రీ, ఆ డిగ్రీకి తగిన ఉద్యోగంలో కనీసం ఆరు నెలల కాంట్రాక్టు, నిర్ణయించిన హద్దు దాటే జీతం.

డిగ్రీ సంగతి ఆఫర్ రాకముందే తేల్చుకోండి, దీనికి డబ్బు ఖర్చు లేదు. అనాబిన్ అని జర్మన్ ప్రభుత్వ సంస్థలు నడిపే ఉచిత డేటాబేసు ఉంది. పేజీలు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి, బ్రౌజర్ అనువాదం పెట్టుకుని చూడండి. అందులో సంస్థల జాబితా వేరు, డిగ్రీల జాబితా వేరు, రెండూ చూడాలి. సంస్థల జాబితాలో ఇండియా ఎంచుకుని మీ యూనివర్సిటీ వెతకండి. పక్కన హెచ్ ప్లస్ అని ఉంటే సంస్థకు గుర్తింపు ఉన్నట్టు.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. వెతకాల్సింది మీరు చదివిన కాలేజీ పేరు కాదు, పట్టా మీద ఎవరి పేరుంటే వాళ్లది. చిత్తూరులోనో, మదనపల్లెలోనో అనుబంధ కాలేజీలో బీటెక్ చదివినా పట్టా ఇచ్చేది జేఎన్టీయూ అనంతపురం. ఆ యూనివర్సిటీ విడిగా ఏర్పడింది 2008లో. అంతకుముందు పట్టా తీసుకున్న సీనియర్లు హైదరాబాద్ జేఎన్టీయూ పేరు మీద వెతకాలి. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐసర్ పిల్లలకు ఈ తికమక లేదు. మీరు చదివేటప్పుడు అనుబంధ కాలేజీగా ఉండి తర్వాత సొంతంగా యూనివర్సిటీ అయిన చోట చదివుంటే, మీ పట్టా మీద ఉన్న పేరే చూడండి, ఇప్పుడు గేటు మీదున్న పేరు కాదు.

తర్వాత డిగ్రీల జాబితాలో మీ డిగ్రీ పేరు చూడండి. దాని ఎదురుగా ఎంట్‌ష్ప్రిష్ట్ అనో, గ్లైష్‌వెర్టిగ్ అనో ఉండాలి. రెంటికీ అర్థం ఇంచుమించు ఒకటే, అక్కడి డిగ్రీకి సరితూగుతుందని. మూడేళ్ల బీఎస్సీ, బీకాం చదివినవాళ్లు ఈ రెండో మెట్టు దాటేయకుండా తప్పక చూసుకోండి. రెండు పేజీలూ ప్రింటు తీసి పెట్టుకుంటే వీసా దరఖాస్తులో అవే రుజువు. జాబితాలో పేరు దొరక్కపోయినా, హెచ్ ప్లస్ బదులు వేరే గుర్తు ఉన్నా దారి మూసుకుపోలేదు. బాన్ నగరంలోని జెడ్ఏబీ అనే కార్యాలయం మీ డిగ్రీని విడిగా పరిశీలించి సరిపోలిక పత్రం ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, రుసుము 208 యూరోలు. దానికి అసలు పట్టా స్కాన్ కావాలి. అంటే మళ్లీ ఓడీ దగ్గరికే వచ్చాం. ఓడీ లేనివాళ్లు ఈ వారమే దరఖాస్తు పెట్టండి.

ఐటీ వాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. డిగ్రీ లేకపోయినా, గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు డిగ్రీ స్థాయి ఐటీ పని చేసినట్టు చూపగలిగితే బ్లూ కార్డ్‌కు అర్హులే. అప్పుడు మీ అనుభవ పత్రాలే మీ పట్టా. "సంతృప్తికరంగా పనిచేశారు" అనే ఒక్క ముక్కతో సరిపెట్టిన సర్వీసు సర్టిఫికెట్ పనికిరాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ హోదాలో, ఏయే పనులు అనేది వివరంగా రాయించుకోండి. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో చేసే ఇంజినీర్లకు కూడా ఇదే మాట చెబుతాను. మీకు డిగ్రీ ఉన్నా, ఉద్యోగం దొరకడానికి ఆ వివరమే బలం.

డాక్టర్లు, నర్సులు, స్కూలు టీచర్ల దారి వేరు. ఎస్వీ మెడికల్ కాలేజీ పట్టా ఎంత మంచిదైనా, అక్కడ వైద్యం చేయాలంటే జర్మనీలో మీరు పనిచేయబోయే రాష్ట్రం అధికారుల నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. దానికి జర్మన్ భాష, అందులోనూ వైద్య భాష పరీక్ష తప్పదు. అది విడిగా రాయాల్సినంత పెద్ద విషయం.

ఇక జీతం. ఈ హద్దు ప్రతి జనవరిలో మారుతుంది. 2025లో ఏడాదికి 48,300 యూరోలు ఉండేది, 2026కి 50,700 అయింది. కొరత ఉన్న వృత్తులకు, చదువు పూర్తయి మూడేళ్లు దాటని వాళ్లకు, డిగ్రీ లేని ఐటీ నిపుణులకు తక్కువ హద్దు ఉంది: 2026లో 45,934 యూరోల 20 సెంట్లు. కొరత వృత్తుల్లో ఇంజినీర్లు, సైన్సు, గణితం, ఐటీ వాళ్లు, డాక్టర్లు, ఫార్మసిస్టులు వస్తారు. అంటే మన పిల్లల్లో చాలామంది తక్కువ హద్దు కిందికే వస్తారు. కాకపోతే ఆ తక్కువ హద్దుతో వెళ్తే జర్మన్ ఉపాధి సంస్థ అనుమతి కూడా కావాలి. మీ జీతం, పని గంటలు అక్కడి వాళ్లతో సమానంగా ఉన్నాయా అని వాళ్లు చూస్తారు. మిమ్మల్ని చవగ్గా తీసుకెళ్లకుండా కాపాడే నియమం అది.

ఈ అంకెలన్నీ బ్రుట్టో, అంటే కోతలకు ముందు జీతం. కాంట్రాక్టులో ఖాయంగా రాసిన జీతమే లెక్కకు వస్తుంది. కంపెనీ లాభాన్ని బట్టి ఇచ్చే బోనసును నమ్ముకుని హద్దు దాటామనుకోవద్దు. ఏడాది మారే సమయంలో దరఖాస్తు చేసేవాళ్లు కొత్త అంకె చూసుకునే జీతం మాట్లాడుకోండి. పాత హద్దుకు రెండు వందల యూరోలు ఎక్కువ పెట్టుకుని, జనవరిలో కొత్త హద్దు కింద చిక్కుకున్న వాళ్లను చూశాను. ఇంట్లో వాళ్లకు కూడా నిజం చెప్పండి. నెలకు 4,225 యూరోల బ్రుట్టో ఉంటే, పెళ్లికాని మనిషికి పన్ను, పెన్షను, ఆరోగ్య బీమా పోను చేతికి సుమారు 2,700 వస్తుంది. అందులోంచే అద్దె. యూరోను రూపాయల్లోకి మార్చి చూసుకుని ఊళ్లో అప్పులు తీర్చేస్తానని మాట ఇచ్చేముందు ఈ లెక్క వేసుకోండి.

ఉద్యోగం వెతకడానికి జర్మన్ ప్రభుత్వం నడిపే మేక్ ఇట్ ఇన్ జర్మనీ, యూరోపియన్ యూనియన్ వారి యూరెస్, లింక్డ్‌ఇన్, స్టెప్‌స్టోన్ చాలు. 2024 అక్టోబరులో జర్మనీ భారతీయ నిపుణుల వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామని ప్రకటించింది. అది అవకాశం మాత్రమే, ఉద్యోగం మనం సంపాదించుకోవాల్సిందే. బ్లూ కార్డ్‌కు జర్మన్ భాష షరతు కాదు. అయినా ఐటీ దాటి యంత్రాలు, సివిల్ వైపు వెళ్లేవాళ్లకు భాష లేకపోతే ఇంటర్వ్యూ దాకా కూడా రాదు. చెన్నైలో గోథే ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లో గోథే సెంట్రమ్ ఉన్నాయి. జర్మన్ భాషలో మొదటి మెట్టు ఏ1, మూడో మెట్టు బీ1. ఆన్‌లైన్ క్లాసులతో బీ1 దాకా వెళ్లగలిగితే వెళ్లండి. ఆ చదువు తర్వాత ఇంకోచోట కూడా అక్కరకొస్తుంది, చెబుతాను.

డబ్బు కట్టించుకుని ఉద్యోగం ఇప్పిస్తామనే వాళ్ల గురించి గట్టిగా చెప్పాలి. మాకు బాగా తెలిసిన కుటుంబంలో అబ్బాయి మూడున్నర లక్షలు ఒక కన్సల్టెన్సీకి కట్టాడు. వాళ్లు చేసిందల్లా బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసి, నెలకింత చొప్పున మాత్రమే తీసుకోగల ఖాతా) తెరిపించి, అనాబిన్ ప్రింటు తీసి ఇవ్వడం. చేతిలో కాంట్రాక్టు ఉన్న బ్లూ కార్డ్ అభ్యర్థికి బ్లాక్డ్ అకౌంట్ అవసరమే లేదు. అది చదువుకోసం వెళ్లేవాళ్లకు, ఛాన్సెన్‌కార్టే మీద ఉద్యోగం వెతకడానికి వెళ్లేవాళ్లకు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు ఎవరైనా 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదు కావాలి. తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైటులో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో డబ్బు చేతులు మారకముందే చూడండి. లేకపోతే లేచి వచ్చేయండి.

కాంట్రాక్టు సంతకమయ్యాక కంపెనీని మరో కాగితం అడగాలి. దాని జర్మన్ పేరు "ఎర్‌క్లేరుంగ్ త్సుమ్ బెషెఫ్టిగుంగ్స్‌ఫెర్‌హెల్ట్‌నిస్". ఉద్యోగం వివరాలు కంపెనీ నింపి సంతకం పెట్టే ప్రభుత్వ ఫారం. పేరు నోరు తిరగకపోయినా ఇది లేకుండా దరఖాస్తు కదలదు. చిన్న కంపెనీల హెచ్ఆర్‌కు ఇది తెలియకపోవచ్చు, మీరే లింకు పంపండి. తొందరగా చేరాలంటే కంపెనీ అక్కడి విదేశీయుల కార్యాలయంలో 411 యూరోలు కట్టి వేగవంతమైన పద్ధతి ఎంచుకోవచ్చు. అలా చేస్తే మూడు వారాల్లో అపాయింట్‌మెంటు, పూర్తి దరఖాస్తు ఇచ్చాక మరో మూడు వారాల్లో నిర్ణయం వస్తాయి. అడగడానికి మొహమాటపడకండి.

వీసా దరఖాస్తు 2025 జనవరి నుంచి జర్మన్ విదేశాంగ శాఖ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా పెట్టవచ్చు. ఎంచుకోవాల్సింది టూరిస్టు వీసా కాదు, నేషనల్ వీసా. రుసుము 75 యూరోలు, రూపాయల్లో కట్టాలి. ఆన్‌లైన్‌లో అన్నీ ఎక్కించాక, వాళ్లు చూసి సరే అన్నాక, వేలిముద్రలకు మనిషి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్ చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్న చిత్తూరు పిల్లలు మాత్రం తాము ఉంటున్న రాష్ట్రాన్ని బట్టి బెంగళూరు కాన్సులేట్‌కు వెళ్లాలి. ఆధార్‌లో ఊరి చిరునామా ఉండి మీరు అక్కడుంటే, అక్కడి నివాసానికి రుజువు ముందే సిద్ధం చేసుకోండి.

చెన్నై వెళ్లేవాళ్లు తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా, చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా వెళ్తారు. ఉదయం అపాయింట్‌మెంటు ఉంటే ముందు రోజు సాయంత్రమే బయల్దేరి అక్కడ పడుకోండి. పొద్దున బస్సుకు వెళ్లి చెన్నై పొలిమేరల ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఒళ్లంతా చెమటతో కౌంటరు ముందు నిలబడటం నేను చేశాను, మీరు చేయకండి. పాస్‌పోర్టు, కాంట్రాక్టు, కంపెనీ ఫారం, ఓడీ, సీఎంఎం, అనాబిన్ ప్రింట్లు, బయోడేటా, ఉద్యోగంలో చేరేదాకా పనికొచ్చే ఆరోగ్య బీమా, ఫొటోలు, అన్నిటికీ జెరాక్సులు వరుసగా పెట్టుకోండి. అపోస్టిల్ (పత్రాలు విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయిస్తామంటూ ఎవరైనా వేలు అడిగితే, ముందు కాన్సులేట్ చెక్‌లిస్టులో అది అడిగారా చూడండి. అడగనిదానికి డబ్బు పెట్టొద్దు.

పెళ్లయినవాళ్లకు బ్లూ కార్డ్ మిగతా అనుమతుల కంటే చాలా మేలు. భార్య గానీ భర్త గానీ జర్మన్ ఏ1 పరీక్ష రాయనక్కర్లేదు, దిగిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. కావాల్సింది పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. కొండమీద మఠంలోనో, కల్యాణ వేదికలోనో పెళ్లి జరిగినవాళ్లు అక్కడి రసీదు, ఫొటోలు చాలనుకుంటారు. చాలవు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించండి. పెళ్లి కార్డులో ముద్దుపేరు కాకుండా, పాస్‌పోర్టులో ఉన్న పేరే సర్టిఫికెట్‌లో పడేలా దగ్గరుండి చూసుకోండి. పిల్లల జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు నమోదైందా అన్నది కూడా చూడాలి. నామకరణానికి ముందే తీసుకున్న పత్రాల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది.

అక్కడ దిగాక మొదటి పని చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు, ఇంటి యజమాని సంతకం చేసిన పత్రంతో మున్సిపల్ కార్యాలయానికి వెళ్లాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. అది అయితేనే పన్ను నంబరు పోస్టులో వస్తుంది. ఆ ఫారంలో మతం అడుగుతారు, అక్కడ చర్చి పన్ను అనేది జీతంలోంచి కోస్తారు కాబట్టి చూసి నింపండి. ఆ తర్వాత విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంటు తీసుకుంటే కార్డు ఇస్తారు. కాంట్రాక్టు పెద్దదైతే నాలుగేళ్లకు, చిన్నదైతే దాని గడువుకు మూడు నెలలు కలిపి ఇస్తారు. పెద్ద నగరాల్లో ఆ అపాయింట్‌మెంటు నెలల తరబడి దొరకదు, దిగిన వారంలోనే అడగడం మొదలుపెట్టండి. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరితే, సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకు అదనంగా ఏమీ కట్టకుండా వైద్యం వస్తుంది.

మొదటి 12 నెలల్లో ఉద్యోగం మారితే ఆ కార్యాలయానికి తెలియజేయాలి. వాళ్లు 30 రోజులు ఆపి పరిశీలించవచ్చు. ఏడాది దాటాక ఆ కట్టుబాటు లేదు. కాంట్రాక్టు గడువుకు ముందే ఉద్యోగం పోతే రెండు వారాల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. భయంతో దాచిపెట్టకండి. చెప్పినవాళ్లకు వెతుక్కోవడానికి సమయం ఇస్తారు, దాచినవాళ్లకే చిక్కు.

భాష అక్కరకొస్తుందని పైన అన్నాను కదా. శాశ్వత నివాసం బ్లూ కార్డ్ వాళ్లకు ఏ1 జర్మన్‌తో 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకే వస్తుంది. అన్ని నెలలూ పెన్షను చందా కట్టి ఉండాలి. జర్మనీ చట్టం, సమాజం మీద 33 ప్రశ్నల పరీక్ష ఉంటుంది. దానికి ఇంట్లోనే చదువుకుని వెళ్లి రాయవచ్చు. పౌరసత్వం గురించి ఆలోచించేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: భారతదేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్నాక మన పాస్‌పోర్టు అప్పగించాలి, ఆపైన ఇక్కడికి ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే) కార్డుతోనో, వీసాతోనో రావాలి.

చివరగా అమ్మానాన్నల సంగతి. నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. 2024 మార్చి 1న గానీ ఆ తర్వాత గానీ మొదటిసారి ఇలాంటి నివాస అనుమతి పొందినవాళ్లు తల్లిదండ్రులను, అత్తమామలను తీసుకెళ్లడానికి జర్మన్ చట్టం దారి ఇచ్చింది. వాళ్ల పోషణ, ఆరోగ్య బీమా మీరే చూపాలి. వయసు మళ్లినవాళ్లకు అక్కడ బీమా ఖరీదైనది, కాబట్టి పెద్దవాళ్లకు ఆశ పెట్టేముందు రెండు మూడు కంపెనీల నుంచి రాతపూర్వకంగా ధర తెప్పించుకోండి. అమ్మానాన్నలు రాలేమంటే మీరే వచ్చి ఉండవచ్చు, బ్లూ కార్డ్ ఉన్నవాళ్లు యూరప్ బయట 12 నెలల దాకా ఉన్నా కార్డు రద్దు కాదు. మా అమ్మకు గుండె ఆపరేషన్ అయినప్పుడు నేను కంపెనీలో సెలవు అడిగి ఐదు నెలలు తిరుపతిలోనే ఉండగలిగాను. వెళ్లేముందు విదేశీయుల కార్యాలయానికి ఒక ఈమెయిలు రాసి, జవాబు ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకున్నాను. మీరూ అలాగే చేయండి.